బరువు చేతికి తగిన సూది

ఈ ఉదయం నంద్యాలలో ముసురు పట్టింది. కిటికీ మూసి, నాదస్వరం రికార్డు పెట్టి, టర్న్‌టేబుల్ చేతిని నెమ్మదిగా దించాను. సూది గాడిలో కూర్చునేటప్పుడు మెత్తటి చిన్న చప్పుడొకటి వస్తుంది. అది వినగానే నాకు ఆళ్లగడ్డ శిల్పి కాశీపతి ఆచారి గుర్తుకు వస్తాడు. ఆయన పోయి రెండేళ్లయింది.

మాది ఒకప్పుడు పెద్ద ఇల్లు. నా కాలానికి రెండు గదులూ, తాత కొన్న నాదస్వరం రికార్డులూ మిగిలాయి. ఆళ్లగడ్డకు మొదట వెళ్లింది ఆ తాత విగ్రహం చెక్కించడానికే. ఆచారి చెప్పిన ధర నా తాహతుకు మించింది. ఆ మాట పైకి అనడం మా వంశంలో లేదు. అందుకని రాతిని నాలుగువైపులా తట్టి చూసి, "రాయి బాగలేదు" అన్నాను.

"రాయి బాగనే ఉందిలేప్పా," అన్నాడాయన, నవ్వు దాచుకోకుండా. "కూచో. టీ తాగి పో."

రాతిపొడి రాకుండా తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, లోపలి గదిలో టర్న్‌టేబుల్ పెట్టుకున్నాడు. చేతులు కడిగి, పంచె మార్చుకుంటేగానీ దాన్ని ముట్టుకోడు. ఆ రోజు నాదస్వరం వాయించే మనిషి ఊపిరి పీల్చుకోవడం కూడా నాకు వినిపించింది. మా ఇంట్లో అదే రికార్డు గోడ అవతల వాయించినట్టుండేది. గుట్టంతా చేతి చివరన ఉండే కార్ట్రిడ్జ్‌లో ఉందని చెప్పాడు. సూదిని పట్టుకుని, దాని వణుకును పాటగా మార్చేది ఆ చిన్న పెట్టె.

ఏది కొనాలో అడిగితే అక్కడే చెప్పేవాడు. అడగడమంటే తెలియదని ఒప్పుకోవడం కదా. ఇంటికొచ్చి, ఆన్‌లైన్‌లో దొరికినవాటిలో నేను అప్పుచేయకుండా కొనగలిగిన అతి ఖరీదైనది తెప్పించాను. బిగించి పెడితే, కాస్త వంకరపోయిన ప్రతి రికార్డు మీదా అది ఎగిరింది. చేతి వెనకున్న బరువును తిప్పి, సూది మీద భారం పెంచాను. ఎగరడం మానింది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆదివారం పదింటికి పాట వినడానికి రమ్మని మా బావకు కబురు పెట్టాను. మా పాత ఇల్లు కొన్నది ఆయనే. ఇల్లు పోయినా మా అభిరుచి పోలేదని ఆయనకు తెలియాలి.

ఆచారినీ పిలిచాను. తొమ్మిదింటికే బస్సు దిగి వచ్చాడు. పాట మొదలైన నిమిషానికే టర్న్‌టేబుల్ చేతిని పైకెత్తేశాడు.

"ఎంత బరువు పెట్టినావు దొరా దీనిమీద?"

"చాలినంత."

"ఇది సూది మాదిరి లేదు. నాగలి మాదిరి ఉంది."

సంచిలోంచి భూతద్దం తీసి నన్ను చూడమన్నాడు. సూది మొన చుట్టూ నల్లటి పొడి పేరుకుని ఉంది.

"దుమ్ము," అన్నాను.

"దుమ్ము గాదప్పా. మీ తాత పాట. చెక్కి పారేస్తాండావు."

ఆయన గొంతు తగ్గించాడు. "బరువు సుత్తికి సన్న ఉలి పనికిరాదు. నీ మిషను చెయ్యి బరువుది, ఈ సూది మెత్తగా ఊగేది. దుడ్లు ఎక్కువ పెట్టినంత మాత్రాన జత కుదరదు. నా దగ్గర ఊగని గట్టి సూది ఉండే పాత కార్ట్రిడ్జ్ ఒకటి ఉంది, బిగిచ్చాల్నా?"

"బావ ముందర పాతదా?"

"మీ బావ సూదిని చూసేదానికి వస్తాండాడా, పాట వినేదానికా? ఆ రికార్డులు మళ్లా యాడ దొరుకుతాయి నీకు?"

దొరకవు. ఎక్కడా దొరకవు. భూతద్దం ఆయన చేతికి తిరిగిచ్చి, "తెలీక చేసినా ఆచారీ. నేర్పు," అన్నాను.

గడ్డం గీసుకునే అద్దం ముక్కను సూది కింద పెట్టి, అద్దంలో నీడా సూదీ ఒకే నిలువు గీతగా కనబడేదాకా ఆ పాత కార్ట్రిడ్జ్‌ను నాచేతే బిగింపజేశాడు. బంగారం తూచే చిన్న కాటాతో భారం చూపించాడు. మధ్యలో బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది బావా, రిపేరా?"

"నేను తప్పు బిగిచ్చినా. ఆచారి సరిచేపిస్తాండాడు."

బావ చెప్పులు విప్పి పక్కన చతికిలబడ్డాడు. "నాకూ వీటి సంగతి ఏం తెలీదు బావా. నువ్వు చెప్తాంటే ఊరికే తలకాయ ఊపుతాంటి, ఇన్నేండ్లూ."

ఆచారి నవ్విన నవ్వుకు అద్దం ముక్క కదిలిపోయింది. మళ్లీ మొదటినుంచీ బిగించాం.

రెండు పాటలు కొంచెం గీసుకుపోయి ఉన్నాయి, అవి అలాగే ఉండిపోయాయి. మిగిలినవన్నీ దక్కాయి. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ నేనూ బావా నెలకోసారి బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లి, తడిగుడ్డల గదిలో కూర్చుని అడగవలసినవన్నీ అడిగేవాళ్లం. ఇప్పుడు చాగలమర్రి నుంచి కూడా కొందరు ఫోన్ చేసి, ఏ కార్ట్రిడ్జ్ కొనాలని నన్ను అడుగుతారు. మీ మిషను చెయ్యి ఎలాంటిదని ముందు అడుగుతాను. వాళ్లు చెప్పింది నేనెరగనిదైతే, నాకు తెలియదంటాను. ఆ మాట ఇప్పుడు గొంతులో అడ్డుపడకుండా వస్తుంది.