నోవహు గారి తూటా కుదరలేదు

నోవహు గారు రోజూ పొద్దున్నే టీ పొడి తూస్తారు. చెంచాతో కొలవడం కాదు, తూచడమే. తుపాకిమందు తూచడానికి గరాజ్‌లో ఆయనకొక చిన్న త్రాసు ఉంది. దాన్ని వంటింటి గడప దాటించనని భార్య బేబీ గారు ప్రమాణం చేయించుకుంటే, అచ్చం అలాంటిదే మరొకటి కొని స్టవ్ పక్కన పెట్టుకున్నారు. టీ కాస్త చేదనిపిస్తే మర్నాడు పొడి ఒక్కటే తగ్గిస్తారు. పాల జోలికి వెళ్లరు, చక్కెర జోలికి వెళ్లరు, మరిగించే సమయం మార్చరు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పది ఆజ్ఞల తర్వాత పదకొండోది అదేనని ఆయన నమ్మకం.

నరసాపురంలో పుట్టిన ఈ పెద్దమనిషి కెనడాలోని లండన్ ఊళ్లో, ఒక ఆసుపత్రిలో పరికరాలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో సరిచూసే ఉద్యోగంలో స్థిరపడ్డారు. అక్కడ బాయిలర్లు చూసే ఎరిక్ అనే స్థానికుడు ఒకరోజు ఆయన్ను తుపాకి గురి చూసే మైదానానికి తీసుకెళ్లాడు. ఎరిక్ ఉద్దేశం ఆయన్ను వేటగాణ్ని చేయడం. కానీ తూటాలను కొననక్కర్లేదు, ఇంట్లో మన తుపాకికి తగినట్టు మనమే తయారుచేసుకోవచ్చు అని అతను నోరు జారాడు. అంతే. నోవహు గారు లైసెన్సు తెచ్చుకున్నారు, తుపాకి తెచ్చుకున్నారు, గరాజ్‌లోంచి కారును బయటికి తోసేశారు.

తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టాలను ఏరి, తోమి, పాత కొలతకు తెచ్చి, మళ్లీ మందు పోసి, కొసన గుండు బిగించాలి. మందు బియ్యపు గింజలో మూడోవంతు ఎక్కువైనా ఆయనకు తెలిసిపోతుంది. ఒక తూకంతో కొన్ని తూటాలు, ఇంకొంచెం ఎక్కువ తూకంతో మరికొన్ని చేసి, వంద మీటర్ల దూరాన కాగితం మీద కాలుస్తారు. ఏ తూకానికి రంధ్రాలు దగ్గరదగ్గరగా పడితే దాన్ని ఖాయం చేసుకుంటారు. తర్వాత మందు ముట్టుకోకుండా గుండు ఎంత లోతుగా బిగించాలో చూస్తారు. ఆ తర్వాత మరొకటి. ఇలా ఏళ్లు గడిచాయి. ఏటా నవంబర్‌లో ఉత్తరాన అడవిలో ఎరిక్ వాళ్ల వేట గుడిసె తలుపు తెరుచుకునేది. నోవహు గారు మాత్రం "ఈ ఏడాది ఇంకా కుదరలేదు" అనేవారు.

"ఆ నోవహు జంతువులన్నిటినీ ఓడెక్కించి కాపాడాడు. మన నోవహు ఆ పని గరాజ్‌లో కూర్చునే చేస్తున్నాడు" అని చర్చిలో పాస్టరు గారు నవ్వేవారు.

విమానాల నిండా విద్యార్థులు దిగుతున్న ఆ ఏళ్లలో వాళ్ల బేస్‌మెంట్ గదికి సూర్యాపేట నుంచి తేజశ్రీ వచ్చింది. పెట్టెలు ఇంకా మెట్లు దిగలేదు, ప్రశ్నలు మొదలయ్యాయి.

"మీ ఇంట్లో ఏ టీ పొడి వాడతారమ్మా?"

"ఏదో ఎర్ర ప్యాకెట్, అంకుల్."

"ఏదో అంటే ఎలా? అమ్మకి ఫోన్ చేసి కనుక్కో."

"అక్కడ ఇప్పుడు అందరు పండుకున్నరు అంకుల్."

"సరే, లేచాక కనుక్కో. బియ్యం ఏ రకం? ఒంటి సబ్బేమిటి? తల ఏ గోడవైపు పెట్టి పడుకుంటావు?"

వీసా ఇచ్చినవాళ్లు కూడా ఇన్ని అడగలేదు కదా అనుకుంది తేజశ్రీ. మూడో రోజుకల్లా ఆ ఎర్ర ప్యాకెట్ టీ పొడి, ఆ బియ్యం, ఆ సబ్బు గదిలోకొచ్చాయి. మంచం తూర్పు గోడవైపు జరిగింది. లండన్‌లో అన్నీ దొరుకుతాయి కాబోలని సంతోషించి, ఆ సంగతి మర్చిపోయింది.

కొన్నాళ్లకు ఆమెకు జుట్టు ఊడడం మొదలైంది. వంటింట్లో బేబీ ఆంటీతో చెప్పుకుంటుంటే అంకుల్ తల పక్కకు తిప్పి విన్నారు.

"ఈమధ్య ఏం మార్చావు?"

"షాంపూ మార్చిన అంకుల్. మళ్లా నీళ్లు బాగా వేడిగ పోసుకుంటున్న."

నోవహు గారు రెండు చేతులతో నెత్తి పట్టుకున్నారు. "రెండూ ఒకేసారా? ఇప్పుడు జుట్టు దేనివల్ల ఊడుతోందో ఎవరు చెప్పాలి? పాత షాంపూకి వెళ్లు. నీళ్లు అలాగే ఉంచు. జుట్టు సంగతి రోజూ నాకు రిపోర్టు చెయ్యి."

"డాడ్, జస్ట్ లెట్ హర్ బి!" అంది పైనుంచి కూతురు హోప్. ఆ పిల్ల చిన్నప్పుడు ఒకేసారి కొత్త బూట్లూ కొత్త బ్యాగూ అడిగి, బ్యాగు కోసం క్రిస్మస్ దాకా ఆగింది.

అసలు కథ డ్రైవింగు దగ్గర మొదలైంది. తేజశ్రీకి ఊరి బయట ఒక మందుల గోదాములో కోఆప్ ఉద్యోగం వచ్చింది. అది చేస్తేనే కోర్సు పూర్తవుతుంది. అక్కడికి బస్సు పోదు. నవంబర్ సగానికి లైసెన్సు చూపిస్తేనే చేర్చుకుంటానని, లేకపోతే ఆ సీటు ఇంకొకరిదని మేనేజరు ముందే చెప్పింది. తేజశ్రీ అప్పటికే రోడ్ టెస్టు రెండుసార్లు తప్పింది. రెండోసారి ఆగమన్నచోట సాగి, సాగమన్నచోట ఆగింది.

"నేను నేర్పుతాను" అన్నారు నోవహు గారు.

"అయితే పిల్ల ముసలిదయ్యాక లైసెన్సొస్తుంది" అన్నారు బేబీ గారు.

మొదటివారం కుడివైపు తిరగడమే పాఠం. ఎడమవైపు తిరిగితే రెండో పాఠం అవుతుంది కనక ఒప్పుకోరు. కొత్తిమీర అమ్మే ఇండియన్ స్టోరు ఇంటికి ఎడమవైపు, పిలిస్తే పలికేంత దూరంలో ఉంటుంది. ఆ వారం ఇద్దరూ కుడికి, మళ్లీ కుడికి తిరుగుతూ ఊరంతా చుట్టి అక్కడికి చేరేసరికి స్టోరు మూసేశారు.

తర్వాత పార్కింగు. అయిదుసార్లు పెట్టించారు. ప్రతిసారీ దిగి, చక్రానికీ ఫుట్‌పాత్ అంచుకీ మధ్య టేపుతో కొలిచారు. అయిదోసారి ఆయన ముఖం వెలిగిపోయింది.

"శభాష్! అయిదుసార్లూ ఒకే తప్పు చేశావు!"

"తిడుతున్నరా అంకుల్?"

"తిట్టడమేంటమ్మా! తుపాకైనా అంతే. తూటాలన్నీ ఒకేచోట పడితే చాలు, ఆ చోటు తప్పైనా పర్లేదు. గురి కాస్త జరిపితే సరిపోతుంది. ఒకే తప్పు చేసేవాళ్లని మనం దిద్దొచ్చు. రోజుకో తప్పు చేసేవాళ్లని దేవుడే దిద్దాలి."

పుట్టి బుద్ధెరిగాక తన తప్పును ఎవరైనా మెచ్చుకోవడం తేజశ్రీకి అదే మొదటిసారి. ఆ మర్నాటి నుంచి కారు సరిగ్గా నిలవసాగింది.

అక్టోబర్ చివర ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆమే డ్రైవ్ చేస్తూ ఆయన్ను మైదానానికి తీసుకెళ్లింది. తుపాకి తాళం వేసిన పెట్టెలో, డిక్కీలో ఉంది. ఆకు కదలని రోజు. నోవహు గారు ఒక తూటా కాల్చి, తుపాకి గొట్టం చల్లారేదాకా కూర్చుని, రెండోది కాల్చి, మళ్లీ కూర్చుని, మూడోది కాల్చారు. తేజశ్రీ చప్పుడు వినబడకుండా చెవులకు పెట్టుకున్న డొప్పలు తీసి దుర్భిణిలోంచి చూసింది.

"అంకుల్, ఒకటే తగిలింది. రెండు తప్పిపోయినయ్" అంది జాలిగా.

ఆయన ముఖం పాలిపోయింది. కాల్పులు ఆపించి ఇద్దరూ కాగితం దాకా నడిచారు. రెండు తప్పిపోలేదు. మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒకేచోట దూరాయి.

"మారేడాకు లెక్క ఉంది!" అంది తేజశ్రీ.

"త్రిత్వం" అన్నారు నోవహు గారు, టోపీ తీసి. "ముగ్గురు, కానీ ఒక్కరే."

ఆ సాయంత్రం ఎరిక్‌కి ఫోన్ వెళ్లింది. "వస్తున్నాను." అవతల ఎరిక్ ఏమన్నాడో గాని ఫోన్లోంచి బయటికి వినబడేంత నవ్వాడు. ఈసారీ రాకపోతే గుడిసెలో ఆయన మంచం ఇంకొకరికి ఇచ్చేస్తానని అతను చెప్పి ఉన్నాడట. నోవహు గారు నారింజరంగు చొక్కా కొనుక్కుని, అది వేసుకునే భోజనానికి కూర్చున్నారు. జింకలవేట నవంబర్ మొదటి సోమవారం మొదలవుతుంది. శనివారం కారులో బయల్దేరాలి.

ఆ బుధవారం తేజశ్రీకి మెసేజ్ వచ్చింది. రోడ్ టెస్టు తేదీ మార్చారు. కొత్త తేదీ అదే సోమవారం. అది కాదంటే మళ్లీ డిసెంబర్ చివరే. టెస్టుకి కారూ, అక్కడిదాకా పక్కన కూర్చోడానికి లైసెన్సున్న మనిషీ కావాలి, ఆ రెండూ శనివారం ఉత్తరానికి పోతున్నాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. డ్రైవింగ్ స్కూలు వాళ్ల కారు మాట్లాడుకుంటే సరిపోతుందనుకుంది. వాళ్ల కారు పెద్దది, అద్దాలు వేరు, బ్రేకు ముట్టుకుంటే ముందు అద్దంలోంచి బయటపడేంత కుదుపు.

కానీ ఆమె ఫోనులో ఆ కారు మాట్లాడుకుంటుంటే హోప్ వింది. హోప్ కడుపులో మాట దాగదు. రాత్రి భోజనాల దగ్గర, "హర్ రోడ్ టెస్ట్ ఈజ్ మండే, డాడ్" అంది.

నోవహు గారు అన్నం కలపడం ఆపారు. మళ్లీ కలిపారు. తిన్నారు, లేచారు, గరాజ్‌లోకి వెళ్లి వచ్చారు.

"ఈ ఏడాది వెళ్లడం లేదు. తూటా కుదరలేదు."

"మొన్న త్రిత్వమన్నారుగా?" అన్నారు బేబీ గారు.

"గాలి కలిసొచ్చింది."

"ఆ రోజు గాలే లేదు కదా అంకుల్!" అంది తేజశ్రీ.

"అదే చెప్తున్నాను. గాలి లేకపోవడమే కలిసొచ్చింది."

టీ పొడి విషయంలో కూడా అబద్ధమాడని మనిషి. ఆ మాటనేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. పప్పు గిన్నె మీద మూత పెట్టే వంకతో అందులోకి చూస్తూ ఉండిపోయారు.

గిన్నెలు తోముతున్నప్పుడు బేబీ ఆంటీ గొంతు తగ్గించి చెప్పారు. "పిచ్చిపిల్లా, ఆ తూటా ఎప్పుడో కుదిరింది. కాకపోతే నవంబర్ వచ్చేసరికి పాడవుతుంది. నీ గదిలో కోదండరామ్ అని ఉండేవాడు. మంచు మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే, ఈయనకి మందు తేమెక్కింది. ఆ తర్వాత సరోజన, ఆవిడ మొగుడు ఉండేవారు. నెలలు నిండేసరికి ఈయనకి గుండ్ల బరువు సమంగా లేదు. ఈసారి గాలి లేకపోయింది. వాళ్లకి మటుకు నిజంగా తూటాయే కుదరలేదని నమ్మకం."

"నేను స్కూలు కారులో పోతా ఆంటీ. అంకుల్‌ని పొమ్మనండి."

"నేనే నీ పక్కన కూర్చుంటాను, కారు ఇక్కడ వదిలి ఎరిక్‌ని పిలిపించుకోండి అన్నాను. నువ్వు బ్రేకు నొక్కకముందే నేను కేకలు పెడతానట. అది ఇంకో మార్పట. ఇక నీ ఇష్టం, చెప్పి చూడు."

చెప్పి చూసింది. ఆయన వినలేదు.

సోమవారం పొద్దున రోజూ తినే రెండు ఇడ్లీలే పెట్టించారు. రోజూ వేసుకునే పల్చటి బూట్లే వేయించారు. టెస్టు సెంటరు ముందు కారు ఆపాక నోవహు గారు దిగలేదు. అద్దంలోంచి సెంటరు తలుపువైపు చూస్తున్నారు. పరీక్ష పెట్టేవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చి పోతున్నారు.

"అంతా అదే. మారేది ఒక్కటే, పక్క సీట్లో మనిషి" అన్నారు.

తేజశ్రీ స్టీరింగు వదలకుండా అడిగింది. "అంకుల్, నేనొచ్చిన రోజు టీ పొడి ఎందుకు అడిగిన్రు?"

"ఇప్పుడెందుకమ్మా అది?"

"ఆ టీ పొడి, ఆ సబ్బు లండన్‌లో ఎక్కడ చూసినా లేవు. ఆంటీ చెప్పింది. మీరు అంత దూరం బ్రాంప్టన్ దాక పోయి తెచ్చిన్రంట."

నోవహు గారికి దొరికిపోయినట్టయింది. "నీకు దేశం మారింది, చలి మారింది, చదువు మారింది, చుట్టూ మనుషులు మారారు. అన్నీ ఒకేసారి. నేనేం చెయ్యగలను? చలి నా చేతిలో లేదు. టీ పొడి ఉంది." సీటుబెల్టు తీసుకుంటూ, "తర్వాత బియ్యం మార్చాను. నువ్వు గమనించలేదు" అన్నారు, కొంచెం గర్వంగా.

"అంటే నన్ను కూడా తూటా లెక్కనే తయారుచేసిన్రా?"

"తూటా అయితే ఇన్ని ప్రశ్నలడగదు."

ఇంతలో పరీక్ష పెట్టే ఒక సన్నటి ఆవిడ పలకలాంటి ట్యాబ్ పట్టుకుని కారువైపు రాసాగింది. నోవహు గారు ఆమెను పైనుంచి కిందిదాకా చూసి కంగారుగా దిగారు. డిక్కీ తెరిచి, ముందుజాగ్రత్తగా తెచ్చిపెట్టుకున్న బియ్యం బస్తా ఎత్తి వెనకసీట్లో పడేశారు. ఒక్క క్షణం ఆలోచించి దానికి సీటుబెల్టు పెట్టారు.

"అంకుల్! ఏం చేస్తున్నరు?"

"ఆవిడ నాలో సగం కూడా లేదు. కారు తేలికైపోతుంది. బ్రేకు తేడా వస్తుంది."

తేజశ్రీకి భయపడడానికి చోటు మిగల్లేదు, ఉన్నదంతా సిగ్గు ఆక్రమించింది. తల వంచుకుని నడిపింది. ఆగమన్నచోట ఆగింది. సాగమన్నచోట సాగింది. పార్కింగులో చక్రం ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. తిరిగొచ్చాక ఆవిడ పలక మీద ఏదో రాసి, "పాస్" అంది. దిగబోతూ వెనక్కి తిరిగి, "ఆ ప్రయాణికుడు చాలా బుద్ధిమంతుడు" అని బస్తాను చూపించింది.

నోవహు గారు అక్కడే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. తేజశ్రీ అద్దం దించి బొటనవేలు ఎత్తింది. ఆయన ఎగిరి గంతేశారని బేబీ గారు ఇప్పటికీ నమ్మరు. ఆ గంతును కొలిచినవాళ్లు లేరు మరి.

మరుసటి ఏడు తేజశ్రీ స్థానంలో అమ్ములు అనే అమ్మాయి ఉంది. నవంబర్ మొదటివారంలోనే ఆమెకు జ్ఞానదంతం తీయించాల్సి వచ్చింది. నోవహు గారు ఇంకా నోరు తెరవకముందే ఉద్యోగానికి మిస్సిసాగా వెళ్లిన తేజశ్రీ కారు వచ్చి ఇంటి ముందు ఆగింది, అచ్చంగా ఫుట్‌పాత్ అంచున.

"పంటి సంగతి నేను చూసుకుంట. తూటా కుదిరింది. మీరు నడవండి అంకుల్."

ఎరిక్ ఆయన మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. నోవహు గారు వెళ్లారు, వారం తర్వాత వచ్చారు. డిక్కీలో తుపాకి పెట్టె, మాసిన బట్టలు తప్ప ఏమీ లేవు.

"జింక కనబడలేదా?" అన్నారు బేబీ గారు.

"కనబడింది. చాలా దగ్గరికొచ్చింది. నావైపు చూసింది కూడా."

"మరి?"

"మైదానంలో కాగితం కదలదు బేబీ. ఇది కదిలింది. సరిగ్గా అప్పుడే గాలి కూడా లేచింది. రెండూ ఒకేసారి మారితే ఎలా కాలుస్తాను?"

బేబీ గారు ఆయన చేతిలోంచి సంచి అందుకున్నారు. "పోనీలెండి, పేరు నిలబెట్టారు."

తేజశ్రీ ఇప్పుడు మిస్సిసాగాలో మందుల కంపెనీలో పనిచేస్తోంది. నోవహు గారు లండన్‌లోనే ఉన్నారు. ఆ ఇంటి ఫ్రీజర్‌లో ఉండేది ఇప్పటికీ కోడిమాంసమే.