మిరప కల్లం దగ్గు

ఒక కాగితం మీద నేను రాసిన ఒక్క మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నరసరావుపేటలో ఉద్యోగం, బొల్లాపల్లి వైపు ఒక పల్లెలో ఇల్లు. మొదటి లాక్‌డౌన్ నాటికి మా ఊరి మిరప కోతల్లో, పక్క రాష్ట్రపు అడవుల నుంచి వచ్చిన తొమ్మిది ఆదివాసీ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళు కేవలం కూలి కోసం వచ్చినవాళ్ళు కారు. అక్కడ రెండు వైపులా తుపాకులు, మధ్యలో వాళ్ళ ఇళ్ళు. అవి కాలిపోయాక ఇటు వచ్చారు. బడిలో వాళ్ళకు చోటు ఇప్పించింది నేనే. ఇంటింటికీ తిరిగి బియ్యం, కందిపప్పు పోగుచేసిందీ నేనే. గొప్పకు చెప్పడం లేదు. తరువాత చేసిన పనిని దీని పక్కన పెట్టి చూడమని చెబుతున్నాను.

ఊరికి భయం పట్టింది. ఒక్కరికి దగ్గున్నా ఆ కుటుంబాలన్నిటినీ లారీలో రాష్ట్ర సరిహద్దుకు పంపేయాలని పెద్దలు తీర్మానించారు. రోజూ పరీక్షించి కాగితం నింపే పని నాకు అప్పగించారు.

కల్లంలో ఎండిన మిరప నుంచి రంగు పోయిన తాలుకాయలు ఏరేవాళ్ళు ఎవరైనా దగ్గుతారు. ఆ ఘాటు దగ్గు, గాలి తగిలే చోట గంట కూర్చుంటే పోతుంది. జబ్బు దగ్గు పోదు. అందుకే వాళ్ళు పని నుంచి వచ్చాక గంట ఆగి పరీక్షించేవాణ్ణి. రోజూ అందరికీ 'లేదు' అనే రాసేవాణ్ణి. ఆ సాయంత్రం ఆగలేదు.

నా భార్యకు అప్పుడు ఏడో నెల. బడికీ మా ఇంటికీ మధ్య నలభై అడుగులు. కడుపుతో ఉన్నదాన్ని ఇంట్లో పెట్టుకుని పుణ్యం మూటగట్టుకుంటున్నావా అని పక్కింటి మామ రోజూ ఎత్తిపొడిచేవాడు.

వరుసలో మొదట, ఆ కుటుంబాల్లోని భీమె నిలబడింది. దగ్గుతూనే నవ్వింది.

"ఇది కల్లం దగ్గన్నా. కారం మీరు తింటరు, దగ్గు మాకొస్తది."

"తెలుసులేమ్మా."

"తెలిస్తే సరే. మమ్మల్ని మళ్ళీ అటు పంపమాకు."

జ్వరం లేదు. ఆక్సిజన్ తొంభై ఎనిమిది. వాటికి ఆ కాగితంలో గడులు లేవు. దగ్గు గడిలో 'ఉంది' అని రాసి సంతకం చేశాను. అది అబద్ధం కాదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. వేళగాని వేళ తీసిన నమూనా ఏం చెబుతుందో నాకు తెలియదా?

తెల్లవారి లారీ వచ్చింది. వాళ్ళలో ఒకరి ఫోన్ నంబరు నా దగ్గర ఉండేది. ఒక్కసారీ చేయలేదు. మరుసటి ఏడు, వలస కుటుంబాలను ఆదుకున్నందుకు ఊళ్ళో నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

బిడ్డ కోసం భయపడి చేశానా, ఊళ్ళో మంచివాడిగా మిగలడానికి చేశానా? ఈ రెండింటినీ వేరుచేసే పరీక్ష నా దగ్గర లేదు.

ఇప్పటికీ కోతల కాలంలో కల్లాల నుంచి దగ్గు వినిపిస్తే చేయి తిప్పి వాచీ చూస్తాను. గంటలోపే ఆగిపోతుంది. భీమెకూ ఆగింది. లారీ ఎక్కేటప్పుడు పక్కనే నిలబడి విన్నాను, ఒక్కసారి కూడా దగ్గలేదు. అప్పుడు చెప్పవలసింది ఇప్పుడు చెబుతున్నాను.

పేరు, భీమె. దగ్గు, లేదు.