గోలెంలో నానిన ఈస్టరు తోరణం

నవ్వేవాళ్లు నవ్వండి, నేను అడ్డుపడను. నాకు మాత్రం ఆ శనివారం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఇల్లు తగలబెట్టుకున్నవాళ్లను చూశాను. ఇల్లు అమ్ముకుని తిన్నవాళ్లను చూశాను. వసంతకాలం వచ్చింది కదా అని గుమ్మానికి నాలుగు పూలదండలు కట్టి, ఆ దండలతోనే తన పెళ్లి సంబంధాన్ని ఉరి తీయబోయిన మూర్ఖుడు మాత్రం నాకు తెలిసి ఈ జిల్లాలో ఒక్కడే. వాడి పేరు చెప్పడం నాకు ఇష్టం లేదు. వాడు నేనే.

చిన్నతనం నుంచి రోజూ డైరీ రాయడం నా అలవాటు. ఎండ ఎలా కాసింది, కూర ఏం వండుకున్నాను, ఎవరు ఎంత విసిగించారు, అన్నీ రాస్తాను. ఆ శనివారం కింద మాత్రం "ఛీ" అని ఒక్క మాటే ఉంది. మిగతా పేజీ నిండా కలం పొడిచిన బొక్కలు. కనుక ఇప్పుడు చెప్పేదంతా కోపం గుర్తు పెట్టుకున్నది. కోపానికి జ్ఞాపకశక్తి ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఆసిఫాబాద్ పోస్టాఫీసులో గుమాస్తాగా చేరాను. మాది హుజూరాబాద్ పక్క పల్లె. మిషను బోర్డింగులో చదువుకున్నాను. మా బాపు తాగుడు అన్న మాటే ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు. అందుకని సారా గురించి నాకున్న జ్ఞానం, చేపకు గొడుగు గురించి ఉన్నంత. ఇప్పసారా అన్న మాట విన్నాను గానీ, ఇప్పగింజల నుంచి నూనె తీసినట్టే సారా కూడా ఆ గింజల నుంచే పిండుతారని నాకు నేనే తేల్చుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే తాగుబోతు అనుకుంటారని భయం.

ఇక సంబంధం సంగతి. మంచిర్యాలలో జకరయ్య అని ఒక బోధకుడు. ఆయన కూతురు సుగుణ. ప్రార్థన కూటాలలో ఆమె పాట పాడుతుంటే ఒకసారి విన్నాను. ఆ రోజు నుంచి ఎవరు ఏ సంబంధం తెచ్చినా నాకు అన్నం సహించేది కాదు. మా వాళ్లు వెళ్లి అడిగితే జకరయ్యగారు, "పిల్లవాడు ఒంటరిగా అడవి ఊళ్లో ఉంటున్నాడు. ఇల్లు చూశాకే మాట" అన్నారు. ఈస్టరు ఆరాధన నడపడానికి ఆసిఫాబాద్ వస్తున్నారు కనుక, ముందురోజు శనివారం భార్యనూ కూతురునూ వెంటబెట్టుకుని మా ఇంటికి భోజనానికి వస్తామని కబురు చేశారు.

ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. ఊరూరా తిరిగి జనం చేత తాగుడు మాన్పించడమే ఆయన పని. అంతకుముందు వచ్చిన ఒక పిల్లవాడి దగ్గర దగ్గుమందు వాసన వచ్చిందని సంబంధం వదులుకున్నారు. పాపం ఆ పిల్లవాడికి నిజంగానే దగ్గు.

నాకున్నది గంగుబాయి ఇంట్లో ఒక అద్దె గది, ముందు ఒక చిన్న వసారా. గంగుబాయి ఇంటి యజమానురాలు, పక్క గదిలోనే ఉండేది, ఆమెతో ఒక మేక. గోడలకు సున్నం ఊడిపోయి, గది చెరసాలను గుర్తుచేసేది. దాన్ని మార్చేయాలని కంకణం కట్టుకున్నాను. వెదురు బద్దలు వంచి గుమ్మానికి కమాను కట్టాను. పతంగుల కాగితం కత్తిరించి గొలుసులు చేశాను. ఎండిన సొరకాయ బుర్రకు ముక్కు అతికించి పిచ్చుక అన్నాను. గంగుబాయి చూసి, "గుడ్లగూబ మంచిగున్నది సారూ" అంది. నాకు ఒళ్లు మండింది.

కానీ ఈస్టరు అన్నాక పూలు ఉండాలి. ఆ ఎండల్లో ఆసిఫాబాద్‌లో బంతి లేదు, చామంతి లేదు. అప్పుడు కనబడింది ఇప్పచెట్టు. తెల్లవారి లేచి చూస్తే చెట్టు కింద నేలంతా పాల రంగు పూలు, ముత్యాలు ఒలకబోసినట్టు. ఒక్కో పువ్వుకు నడుమ దేవుడే బొక్క పెట్టి పంపాడు, సూది అవసరమే లేదు. దండ గుచ్చుకొమ్మని పిలుస్తున్నట్టుంది. గంప నిండా ఏరుకొచ్చాను.

గంగుబాయి వాకిలి ఊడుస్తూ ఆగింది.

"అగ్గబాయి! సారూ, ఇప్పపువ్వా? నీకేం పనాయె గా పువ్వుతోని?"

"పండుగకు."

"పండుగకా!" చీపురు చంకలో పెట్టుకుని దగ్గరికొచ్చింది. "నీకు గీ అలవాటు ఉన్నదని నాకు ఎరుకలేకపాయె."

"చిన్నప్పటి నుంచి ఉన్నది. బోర్డింగుల దొరసాని నేర్పింది."

"దొరసాని నేర్పిందా?" గంగుబాయి చీపురు కింద పడింది.

నేను అలంకరణ గురించి చెబుతున్నాను, ఆమె ఇంకేదో వింటున్నదని నాకు తట్టనే లేదు. పైగా, పువ్వు అంటే ఏమిటో తెలియని మొరటుది అని లోపల తిట్టుకున్నాను కూడా.

దండలు బారెడు బారెడు గుచ్చాను. పండుగకు ఇంకా కొన్ని రోజులు ఉన్నాయి. వాడిపోకుండా ఎలా? ఇక్కడే నా తెలివి పనిచేసింది. బోర్డింగులో దొరసాని పూలకూజాలో నీళ్లు పోసి చిటికెడు చక్కెర వేసేది, పూలు తాజాగా ఉంటాయని. నా దగ్గర చక్కెర లేదు, బెల్లం ఉంది. గంగుబాయిని గోలెం అడిగాను, నీళ్లు పట్టే పెద్ద మట్టి గోలెం. దండలన్నీ అందులో వేసి, నీళ్లు పోసి, బెల్లం కొట్టి కలిపి, పైన తడి గోనెసంచి కప్పి, ఎండ తగిలే వసారా మూలన పెట్టాను. చదివేవాళ్లలో అనుభవజ్ఞులు ఎవరైనా ఉంటే ఈపాటికి కింద పడి దొర్లుతుంటారు. దొర్లండి. సారా దిగేది గింజ నుంచి కాదు, ఆ పువ్వు నుంచేనని నాకు ఎవరూ చెప్పలేదు.

దానికి తోడు అదే వారం నాకు పడిశం పట్టింది. ముక్కు మట్టితో పూడ్చినట్టు మూసుకుపోయింది. కళ్లు చింతనిప్పులు. గొంతు పగిలిన డప్పు. కిరోసిన్ తెచ్చి ముక్కు కింద పెట్టినా మంచినీళ్లు అనుకునే స్థితి. గోలెం చుట్టూ ఈగలు ముసురుతుంటే, చూశారా తేనె ఎంత ఉందో అని మురిసిపోయాను.

శుక్రవారం గంగుబాయి వచ్చి చెవిలో చెప్పింది. "సారూ, గోలెం బుడబుడ మాట్లాడుతున్నది."

"ఎండకు నీళ్లు కాగినయ్ తియ్."

ఆమె కన్ను గీటింది. "నేనెవ్వలకు చెప్ప. నువ్వు జర ఫికర్ చెయ్యకు."

"చెప్తే ఏంది? రేపు అందరు చూడాల్సిందేనాయె. పెళ్లివారి నెత్తి మీదనే కడుత!"

నన్ను కిందికీ మీదికీ చూసి, "ధైర్యమున్న మొగోడివే" అని వెళ్లిపోయింది.

శనివారం పొద్దెక్కాక దండలు తీసి, కారుతుండగానే కమానుకు, కిటికీకి, గోడలకు కట్టాను. జకరయ్యగారు కూర్చునే కుర్చీ పైన నాలుగు దండలు గుత్తిగా వేలాడదీశాను, గౌరవంగా. మధ్యాహ్నానికి వాళ్లు వచ్చారు. తెల్లటి బట్టల్లో జకరయ్యగారు, పక్కన ఆయన భార్య సంతోషమ్మ, వెనక తల వంచుకుని సుగుణ. నేను ఎర్రటి కళ్లతో, బొంగురు గొంతుతో, తూలుతూ ఎదురెళ్లాను. పడిశంతో పాటు రాత్రి నుంచి జ్వరం కూడా ఉంది మరి.

గుమ్మం దగ్గరే జకరయ్యగారు ఆగిపోయారు. ముక్కు పైకెత్తారు.

"బాబూ, ఇక్కడ ఒక వాసన వస్తున్నది."

"పూలండి," అన్నాను గర్వంగా. "అన్నీ నా చేతితోనే చేసిన."

"అన్నీ నువ్వే చేశావా?"

"ఇంక వసారల గోలెం నిండ ఉన్నది. పోయేటప్పుడు మీకు కూడా కొంచెం కట్టిస్త."

ఆయన లోపలికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. పైనున్న గుత్తి నుంచి ఒక చుక్క ఆయన నెత్తి మీద పడింది. వేలితో తుడిచి వాసన చూశారు. ముఖం మిరపపండైంది. సరిగ్గా అప్పుడే కమాను దగ్గర కింది దండలన్నీ తినేసిన గంగుబాయి మేక లోపలికొచ్చింది. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతున్నాయి. అది జకరయ్యగారిని చాలాసేపు చూసి, దండం పెట్టినట్టు ముందుకాళ్లు మడిచి, ఆయన పాదాల మీద తల పెట్టి పడుకుంది.

"సారా!" అని అరిచారు ఆయన. "దేవుని పండుగ నాడు, దేవుని సేవకుని నెత్తి మీద సారా!"

"ఎవడన్నడు సారా అని?" నేనూ అరిచాను. నా కోపం అలాంటిది, మొదలైతే మామగారా మరొకరా చూడదు. "పువ్వులు కనవడుతలేవా మీకు?"

"కళ్లు చూడు, ఎట్ల ఎర్రగున్నయో!"

"పడిశం!"

"మాట చూడు, ఎట్ల బొంగురు పోయిందో!"

"పడిశం అన్నగదా!"

"నిలవడు చూద్దాం తిన్నగ!"

కోపంతో ఒక్క ఉదుటున ముందుకు దూకాను. పీటకు కాలు తగిలి గోడ మీద పడ్డాను. కాగితపు గొలుసులన్నీ ఊడి నా మెడలో పడ్డాయి. నేను తాగలేదని ఎంత గట్టిగా అరిస్తే అంత తాగినట్టు కనబడుతున్నానని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసి ఇంకా గట్టిగా అరిచాను. సంతోషమ్మ కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది. ఆ చెయ్యి గడప దాటితే ఇక నా బతుకులో పాట లేదు.

గడప దగ్గర గంగుబాయి అడ్డం నిలబడి ఉంది, చేతిలో లోటాతో.

"పెళ్లివారికి ఇంక పొయ్యలేదా సారూ?" అంది.

అయిపోయింది అనుకున్నాను. జకరయ్యగారు మేకను పక్కకు నెట్టి వసారాలోకి దూకారు. "ఈ పాపాన్ని ఇప్పుడే, ఇక్కడే నేల పాలు చేస్త!" గోనెసంచి లాగి అవతల పారేశారు. గోలెం అంచు పట్టుకుని వంచబోతూ లోపలికి చూశారు. ఆగారు. వంగి వాసన చూశారు. చెయ్యి ముంచి, పిడికెడు పువ్వు పిండి చూశారు. ఆయన ముఖంలో కోపం పోలేదు గానీ, వేరే రకం కోపం వచ్చింది. పని చెడగొట్టినవాణ్ణి చూసినప్పుడు వచ్చే కోపం.

"గిదేందిర!" అని గర్జించారు. "గిన్ని నీళ్లేంది? పచ్చి పువ్వు ఎవడన్న ఏస్తడా, ఎండవెట్టకుండ? గింత బెల్లమేసి సత్యనాశనం చేసినవు గదరా! దీన్ని పొయ్యి మీదికి ఎక్కిస్తే చుక్క దిగదు, కంపు దిగుతది! దారం! దారంతోని నానవెట్టిండు, దరిద్రుడు!"

 ఆ గర్జనకు మేక ఒక కన్ను తెరిచింది.

గంగుబాయే మొదట తేరుకుంది. "నేను కూడ గదే అనుకున్న అయ్యగారూ," అంది ఎంతో మర్యాదగా. "గని మీకెట్ల ఎరుక?"

జకరయ్యగారు చేతిలోని పువ్వును చూశారు. భార్యను చూశారు. కూతురును చూడలేకపోయారు.

"మా బాపు ఇంట్ల..." అని మొదలుపెట్టి ఆగారు. "నేను దేవునిలోకి రాకముందు. చిన్నప్పుడు. పొయ్యి కాడ నన్నే కూసోవెట్టేటోడు."

"నీ చేతి సారా మంచిగ దిగేదని ఊరంత చెప్పుకునేటోల్లు," అంది సంతోషమ్మ నెమ్మదిగా. "నాకు సంబంధం చూసినప్పుడు మా అన్న చెప్పిండు."

అప్పుడు వినిపించింది. సుగుణ నవ్వు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. ఆమె పాట విన్నాను గానీ నవ్వు అదే మొదటిసారి. నేను మాత్రం ఇంకా కోపంగానే ఉన్నాను. మెడలో కాగితపు గొలుసులతో ముందుకొచ్చి, "నేను తాగలేదు!" అన్నాను.

"తాగలేదని ఎరుకైంది లే," అన్నారు జకరయ్యగారు చేతులు కడుక్కుంటూ. "ఒక్కసారి నాలికె మీద ఏసుకున్నోడైనా దీన్ని గింత ఘోరంగ చెయ్యడు. నా బిడ్డను ఇంతకంటే అమాయకునికి ఇయ్యలేను."

అలా నిశ్చయమైంది నా పెళ్లి. నా గుణం చూసి కాదు, ఉద్యోగం చూసి కాదు, పిచ్చుకను చూసి అంతకన్నా కాదు. నా అంత చేతకానివాడు ఇంకెక్కడా దొరకడని. దీన్ని మెచ్చుకోలు అనుకోమని సుగుణ అంటుంది. నాకు ఇప్పటికీ అవమానంగానే ఉంది. గోలెం కడిగిచ్చినా గంగుబాయి తీసుకోలేదు, అందులో నీళ్లు తాగితే నిద్ర వస్తుందట.

అందుచేత, పూర్తి స్పృహలో, పడిశం లేని ముక్కుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పువ్వునూ ముట్టను, ఏ పువ్వునూ తడపను, ఏ పువ్వు దగ్గరా బెల్లం మాట ఎత్తను. వసంతం రావాలనుకుంటే బయటే వచ్చి బయటి నుంచే పోవాలి. అప్పటి నుంచి ప్రతి ఈస్టరుకూ మా గోడలు బోడిగానే ఉన్నాయి. వచ్చినవాళ్లు ఎవరైనా, "పండుగపూట ఇల్లు ఇట్ల బోసిగున్నదేంది?" అంటే సుగుణ కుర్చీ జరుపుకుని కూర్చుని గొంతు సవరించుకుంటుంది. చెప్పొద్దని నేను కోపంగా చూస్తాను. ఆ చూపుకు ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా భయపడలేదు.