గెడ్డకు సంచి తీసుకుపోయిన అత్త

పోయిన నెలలో ఒక పొద్దున విశాఖపట్నం నుంచి మామ ఫోన్ చేసి "మీ అత్త పోయింది" అన్నాడు. గుండె ఆగిపోయిందని పక్కింటివాళ్లు ఫోన్ తీసుకుని చెప్పారు. ఆదోనిలో మా వంటింట్లో అమ్మ బియ్యం కడుగుతోంది. సంగతి విని, తడి చేతులతోనే కూలబడి, "పాప నాకంటే చిన్నది గదే" అంది. ఆడబిడ్డను ఆమె ఎప్పుడూ పాప అనే పిలిచేది.

అత్త మా నాన్నకు చెల్లెలు. ఆస్పరి దగ్గర పల్లెలో పుట్టి, ఎమ్మిగనూరు కోడలై, మామకు రైల్వేలో ఉద్యోగం రావడంతో సముద్రం ఒడ్డుకు చేరింది. వానకోసం మొగులు చూసి చూసి పెరిగిన మనిషి కదా, అక్కడి పచ్చదనం చూసి పిచ్చెక్కినట్టుంది. సెలవు రోజున ఇంట్లో నిలిచేది కాదు. భీమిలి, తొట్లకొండ, బొర్రా, అనంతగిరి ఇవే ఆమెకు పుట్టిళ్లు. మా వైపు నుంచి ఆస్పత్రికనో పరీక్షలకనో ఎవరు వెళ్లినా, పని కాగానే వాళ్లనూ ఆ కొండల బస్సెక్కించేది. కాళ్ల నొప్పులంటే వినేది కాదు. అయితే ఎంత దూరం పోయినా అదే రోజు ఇల్లు చేరాల్సిందే. "పగలంతా సూసినదాన్ని మన సాప మీద పండుకొని తలుసుకుంటేనే అది మనదయ్యేది" అనేది.

బస్సులో ఆమె పక్కన కూర్చోవడం మాత్రం నాకు పెద్ద శిక్ష. ఘాట్ రోడ్డు మొదలైతే చాలు, నిద్రపోయేవాళ్లను, ముక్కూ మొహం తెలియనివాళ్లను కూడా, భుజం తట్టి లేపేది. "లేయప్పా, కొండ పోతాంటే నిద్రేంది?" ఒకాయన గట్టిగానే కసిరాడు. అత్త ఏమీ ఎరగనట్టు వెనక సీటాయనను లేపింది. ఆ దారిలో ఎప్పుడైనా మిమ్మల్ని ఎవరో ఒకామె అలా తట్టి లేపి ఉంటే, ఆమే మా అత్త. ఆమె తరఫున క్షమించండి.

ఇదంతా నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆమెను తలుచుకుని నేను చేతులెత్తి మొక్కేది వేరే సంగతికి. మా నాన్న పోయిన ఏడు అమ్మ మాట మానేసింది. అన్నం ముందు పెడితే కలిపి వదిలేసేది. ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదన్నారు పెద్దవాళ్లు. దాటమన్నా దాటేలా లేదు ఆమె. డిగ్రీ చదువుతున్న నాకు, నాన్న వెనకే అమ్మ కూడా పోతుందేమోనని ఒకటే భయం.

అత్త వచ్చి చూసింది. అందరి ముందే అడిగింది: "పోయినోడు నాకు తోడబుట్టినోడు. పట్టింపుంటే నాకుండాల. నాకే ల్యాకుంటే మీకేంది? వదినను నాతో తోలండి." గుంతకల్లులో రైలు మారి ముగ్గురం విశాఖ వెళ్లాం.

మొదట తొట్లకొండకు తీసుకుపోయింది. అమ్మ నీడలో కూర్చుని నేల చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాతి ఆదివారం అనంతగిరి బస్సెక్కాం. ఎక్కడ దిగితే బాగుంటుందని నేను కండక్టరును అడిగాను. "గెడ్డ కాడ దిగిపోండమ్మా, భలేగుంటాది" అన్నాడు.

అమ్మ కిటికీలోంచి తల తిప్పింది. "గడ్డలు సూసేకి ఇంత దూరమెందుకు పాపా? మనూర్లో ల్యావా?"

నెలల తర్వాత ఆమె నోట ఒక నిండు మాట. అక్కడివాళ్లకు గెడ్డంటే కొండవాగు. వాగును వంక అనే మాకు, గడ్డంటే ఉల్లిగడ్డే.

అత్త నవ్వలేదు. గొంతు తగ్గించి, "నేను కొత్తలో సంచెత్తుకొని పోయినా వదినా" అంది. కాపురానికి వచ్చిన కొత్తలో పక్కింటామె గెడ్డకు వెళ్దాం రమ్మంటే, ఉల్లిగడ్డలు చవగ్గా వస్తాయి కాబోలని గోనెసంచి చంకన పెట్టుకుని బయల్దేరిందట. వాగు ఒడ్డున నిలబడి, గడ్డలు యాడ అని అడిగిందట.

"మరి సంచి?" అంది అమ్మ.

"ఏం జేస్తా? దాన్నే పరుసుకొని కూసున్నా."

అమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ భోరుమంది. అత్త ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. నేనూ ఏడ్చాను.

గెడ్డ దగ్గర దిగాం. అత్త డబ్బాలో తిరగమాత, గుడ్డ మూటలో బొరుగులు తెచ్చింది. బొరుగుల్ని ఆ వాగు నీళ్లలోనే ముంచి, పిండి, తిరగమాతలో కలిపి ఉగ్గాణి చేసింది. అమ్మ తిని, ఇంకొంచెం పెట్టమంది. తర్వాత రాతి మీద కూర్చుని, "ఇన్ని నీళ్లు ఊరికే పోతాండాయే" అని చాలాసేపు బాధపడింది. బాధపడడానికి ఆమెకు ఇంకో సంగతి దొరికినందుకు నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఈరోజు మా ఇంట్లో అమ్మ గొంతు వినబడుతోందంటే, అది అత్త పెట్టిన భిక్ష.

అత్త దినాలకు విశాఖ వెళ్లాం. మర్నాడు చుట్టాలంతా మూటలు సర్దుకుంటున్నారు. మామ వరండాలో కుర్చీకి అతుక్కుపోయి ఉన్నాడు. ఎవరు పలకరించినా తలూపడమే తప్ప మాట లేదు. ముందు పెట్టిన కాఫీ చల్లారిపోయింది. అమ్మ లోపలి నుంచి వచ్చి, ఆయన చెప్పులు వెతికి తెచ్చి, కాళ్ల ముందు పెట్టింది.

"లేయన్నా. భీమిలి బస్సుకు టైమైతాంది."

"ఇప్పుడేందమ్మా..."

"ఇప్పుడే. లేయి."

ఎవరో చుట్టం ఏదో అనబోతే అమ్మ అటు చూసిన చూపుకు ఊరుకున్నాడు. నేనూ వెంట వెళ్లాను.

భీమిలిలో నేను ఇసుక మీదే ఆగిపోయాను. వాళ్లిద్దరూ నీళ్లదాకా నడిచారు. అలలు వచ్చి కాళ్లు తడిపి పోతున్నాయి. ఆ తర్వాత మామ చెయ్యెత్తి, నీళ్ల మీద దూరంగా ఏదో చూపిస్తూ మాట్లాడడం మొదలుపెట్టాడు. గాలికి నాకు ఒక్క మాటా వినబడలేదు. అమ్మ అటే చూస్తూ, మధ్య మధ్య తలూపుతూ వింటోంది.