వారాలత్తయ్య వాకబు

మా మేనత్తకు కొత్త మనిషి ఎదురుపడితే పేరు అడగదు, ఊరు అడగదు. "మీ అమ్మ కడుపులో ఎన్ని వారాలున్నారు?" అని అడుగుతుంది. బస్సులో పక్క సీటామెనైనా, బ్యాంకులో మేనేజరునైనా అదే ప్రశ్న. అందుకే మా ఇంట్లో ఆమెకు వారాలత్తయ్య అని పేరు పడిపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఏమీ అనుకోదు.

ఈ పిచ్చి ఆమెకు ఉద్యోగం అంటించింది. పెద్దాసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ఆమె ఇరవై ఆరేళ్లుగా పరిశోధన నర్సు. ఏ బిడ్డ ఎన్నో వారంలో పుట్టింది, ఎంత బరువుంది, తల్లి గుండెల మీద రోజుకు ఎన్ని గంటలు పడుకుంది, బడికి వెళ్లే వయసుకు ఎలా ఉంది, అన్నీ రాసిపెట్టడం ఆమె పని. నెలలు నిండేదాకా బిడ్డను కడుపులో ఎలా ఆపాలి, ఆగకపోతే బయట ఎలా కాపాడుకోవాలి అని డాక్టర్లు తలలు బద్దలు కొట్టుకునే వివరాలన్నీ ఆమె చేతిరాతలోనే మొదలవుతాయి. ఆ పనిని వార్డులోనే వదిలి వస్తే మాకు ఏ గొడవా ఉండేది కాదు.

ఒకసారి అద్దె ఇల్లు చూడటానికి వెళ్తూ బుద్ధి గడ్డి తిని ఆమెను వెంటపెట్టుకెళ్లాను. ఇంటాయన గోడకు మేకు కొట్టకూడదు, కుళాయి గట్టిగా తిప్పకూడదు అని షరతులు చదువుతుంటే ఆమె శ్రద్ధగా విని, తన ప్రశ్న అడిగేసింది. ఆయన బిత్తరపోయి, నిండు నెలలకే పుట్టానన్నాడు. "అయ్యో, అలాగా," అంది అత్తయ్య, ఏదో పోగొట్టుకున్నవాడిని ఓదారుస్తున్నట్టు. ఆ ఇల్లు మాకు దక్కలేదు.

నిండు నెలలవాళ్లంటే ఆమెకు పెద్దగా గౌరవం లేదు. నేనూ ఆ జాతివాణ్ణే కాబట్టి నన్ను చూసినప్పుడల్లా ఆమె ముఖంలో కొంచెం నిరాశ కనిపించేది.

అదే తొందరపడి పుట్టినవాళ్లు దొరికితే ఆ సంబరం చూడాలి. హెల్మెట్ లేదని ఒక ట్రాఫిక్ పోలీసు నా బండి ఆపాడు. నేను నీళ్లు నములుతుంటే వెనక సీటు మీంచి అత్తయ్య వాకబు మొదలుపెట్టింది. ముప్ఫై నాలుగో వారమట. ఆమె బండి దిగి ఆ ఆరడుగుల మనిషి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "చక్కగా పెరిగావు నాయనా," అని మెచ్చుకుని, సంచిలోంచి నోటుబుక్కు తీసి పేరూ ఫోన్ నంబరూ రాసుకుంది. అతను సిగ్గుపడుతూ ట్రాఫిక్ ఆపి మరీ మమ్మల్ని పంపించాడు.

వార్డు పెద్ద డాక్టరుకు ఆ నోటుబుక్కు అంటే ఒళ్లుమంట. రోడ్ల మీద పోగేసిన వివరాలకు రుజువుండదని, అవి పరిశోధనకు పనికిరావని చాలాసార్లు చెప్పి చూశాడు. పరిశోధనకు కాదులెండి అనేది అత్తయ్య. మరెందుకంటే ఊరికేనంటుంది. ఆమెకు చాదస్తం ముదిరిందని అందరం తీర్మానించుకున్నాం.

అలాంటి రోజుల్లో మా చెల్లెలికి ముప్ఫయ్యో వారంలోనే కాన్పయింది. కొడుకు. కిలో రెండు వందల గ్రాములు. ఊపిరి బాగానే తీసుకుంటున్నాడు గానీ ఒళ్లు వెచ్చగా నిలవడం లేదు, బరువు పెరగడం లేదు. తల్లి గుండెకు ఆనించి పడుకోబెట్టాలి, అంతకు మించిన మందు లేదన్నాడు డాక్టరు. చెల్లెలు సరేనని తలూపింది. తలూపి, బిడ్డను అందుకోకుండా చేతులు కట్టుకుంది. నాలుగు రోజులు అదే తంతు. బావ ఎత్తుకుందామంటే ఆయనకు జలుబు, వార్డు గుమ్మం తొక్కనివ్వరు.

అత్తయ్య తన ఇరవై ఆరేళ్ల అంకెలన్నీ తెచ్చి ముందు పరిచింది. "ఆ పిల్లలు వేరు అత్తయ్యా," అంది చెల్లెలు. "వీడు నా చేతుల్లో విరిగిపోతాడు."

 అత్తయ్య కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది. నాకు భయమేసింది. ఆమె నోరు మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే తల్లుల విశ్రాంతి గదికి మా ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. ఈ దారిన పోతూ పలకరిద్దామని వచ్చానన్నాడు. మధ్యాహ్నం ఈత నేర్పే టీచరమ్మ వచ్చింది, ముప్ఫై ఒకటో వారం మనిషి. ఎవరూ సలహా ఇవ్వలేదు. కాసేపు కూర్చుని కబుర్లు చెప్పి వెళ్లారు. చెల్లెలు వాళ్ల చేతులూ భుజాలూ దొంగచూపులు చూస్తూ కూర్చుంది.

సాయంత్రం తలుపు నిండిపోయింది. బీరువాలు ఒంటరిగా మోసే మనిషట. ముప్ఫయ్యో వారం, పదకొండు వందల యాభై గ్రాములు. కుర్చీలో పట్టక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చెల్లెలు అతన్ని కిందినుంచి పైదాకా చూసి ఆ రోజు మొదటిసారి నోరు విప్పింది.

"మీ అమ్మగారు మిమ్మల్ని మొదట ఎలా పట్టుకున్నారండి?"

"నాకేం గుర్తుంటుందమ్మా, ఉండండి," అని అతను ఫోన్ కలిపి చేతికిచ్చాడు.

అటువైపు పెద్దావిడ గొంతు గది అంతా వినిపించింది. "నేనూ పది రోజులు ముట్టుకోలేదు తల్లీ. భయమే మరి. తర్వాత ఎత్తుకున్నాను. వాడు విరగలేదు గానీ, వాడు కూర్చున్న మంచాలు రెండు విరిగాయి."

చెల్లెలు పకపకా నవ్వింది. కాన్పయ్యాక అదే మొదటి నవ్వు. కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కోవడానికి లేచింది.

అప్పుడు చూశాను, వార్డు గుమ్మం పక్కన అత్తయ్య బల్ల మీద తెరిచి ఉన్న నోటుబుక్కు. నూట పన్నెండు పేర్లు. ఒక్కో పేరు పక్కన వారాలు, గ్రాములు, ఏ రోజు తీరికో, పిలిస్తే వస్తానన్నారో లేదో. ఎన్నేళ్లుగా ఎందరు తల్లుల దగ్గరికి వీళ్లను పంపిందో. చాదస్తమని నవ్వినందుకు నాకు నిజంగా సిగ్గేసింది.

నర్సు బాబును తెచ్చి చెల్లెలి గుండెకు ఆనించి దుప్పటి కప్పింది.  కాసేపటికి వాడు ముడుచుకున్న వేళ్లు విప్పి ఆమె మెడ కింద పెట్టుకుని నిద్రపోయాడు. గంట తర్వాత చూస్తే ఒళ్లు వెచ్చబడింది. ఇంక చాలమ్మా, విశ్రాంతి తీసుకో అంది నర్సు. చెల్లెలు వినలేదు. రెండో గంటకు డాక్టరు వచ్చి చెప్పాడు, ఆయన మాటా వినలేదు.

మూడో గంట దాటాక అత్తయ్య వచ్చింది. "బరువు చూడాలే, ఒక్క నిమిషం ఇవ్వు."

"నాతో కలిపి తూచుకో అత్తయ్యా," అంది చెల్లెలు. "వీణ్ణి మాత్రం ఇవ్వను."