చూపులమ్మ ముక్కు

ఆ రోజుల్లో మా గుడివాడలో ఓ ఉద్యోగం, ఓ స్కూటరు ఉంటే పెద్దమనిషి కిందే లెక్క. పూర్వీకులు అందరికీ ఉండేవాళ్లే గానీ, వాళ్లని బయటికి తీసి నలుగురికీ చూపించాలన్న పట్టింపు ఎవరికీ ఉండేది కాదు. మా పేటలో ఆ జబ్బు మొదట తగిలింది మా పెదనాన్నకి. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక కేకలెయ్యడానికి పిల్లలు దొరక్క, ఆయన చనిపోయినవాళ్ల మీద పడ్డారు. వంశచరిత్ర రాయడం మొదలెట్టి, మొదటి పేజీలోనే మా ముత్తాతగారి తాతగారు బందరులో డచ్చి దొరల దగ్గర దుబాసీగా వెలిగారని తేల్చేశారు. (ఆధారం ఏమిటని మా నాన్న అడిగితే, "మనింట్లో అందరికీ ఇంగ్లీషు బాగా వస్తుంది కదరా!" అన్నారు. డచ్చివాళ్లకి ఇంగ్లీషుతో పనేమిటని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.)

మాకో ఇలవేల్పు ఉండేది. పేరు చూపులమ్మ. అరచేతికన్నా కాస్త పెద్ద టేకుచెక్క. అందులో కళ్లలా రెండు గుండ్రటి రంధ్రాలు, మధ్యలో మహాగంభీరమైన ముక్కు. నోరు లేదు. (మా ఇంటి ఆడవాళ్లందరికీ ఆ లోటు తీర్చే శక్తి ఉండేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.) నాయనమ్మ కొత్త కోడలిగా వచ్చినప్పుడు వాళ్ల అత్తగారు దాన్ని చేతిలో పెట్టి, "ఇది మన బందరు ఇంటిది. రోజూ పసుపు రాసి బొట్టు పెట్టు" అన్నారట. ఎందుకని ఈవిడ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అమ్మవారి వీపు చూస్తే కళ్లు పోతాయని కూడా ఎవరో అనడంతో, వీపు గోడకి, ముక్కు మాకు ఉండేలా ఏళ్ల తరబడి గూట్లో కొలువైంది. నా పరీక్షలూ, నాన్న ప్రమోషన్లూ, పక్కింటివాళ్ల గేదె ఈతలూ అన్నీ ఆ ముక్కే చూసుకునేది.

బందరులో మావాళ్లు ఉన్నది అద్దకాల వీధిలో, అంటే గుడ్డల మీద బొమ్మలు అద్దే పనివాళ్ల వీధిలో, అని కూడా అత్తగారు చెప్పారట. పెదనాన్న దానికీ కంగారుపడలేదు. "దుబాసీలు కదరా, ఆ వీధి మీద అజమాయిషీ వాళ్లదే" అన్నారు. ఆ వీధి ఎక్కడుందో వెతికి, అక్కడ చూపులమ్మకి చిన్న గుడి కట్టించి, వంశం పేరు పాలరాతి మీద చెక్కించాలని ఆయన పథకం. ముందుగా స్థలం చూడ్డానికి అమ్మవారినే వెంట తీసుకెళ్లాలన్నారు. మోసే భాగ్యం నాకు దక్కింది. అప్పుడే సహకార సంఘం ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఏ బరువైనా మోయడానికి తగినవాణ్ణని ఇంటా బయటా పేరు.

బయల్దేరే ముందు నాయనమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఒరే నాన్నా, మీ పెదనాన్న గుడీ గోపురం అని ఎగురుతున్నాడు. నాకవేం వద్దు. దీపం వేళకి అమ్మని తెచ్చి నా గూట్లో పెట్టెయ్. అమ్మ రాకపోతే నేను అన్నం ముట్టను" అంది. నాయనమ్మ అన్నం ముట్టనంటే నిజంగానే ముట్టదు. కళ్లలో నీళ్లు చూసి, తెచ్చేస్తానని చేతిలో చెయ్యేసి చెప్పాను.

మొదటి జీతంతో కుట్టించుకున్న తెల్లచొక్కా తొడుక్కుని, పట్టుగుడ్డలో చుట్టిన అమ్మవారిని గుండెకి హత్తుకుని పాసింజరెక్కాను. "అమ్మవారండీ, కాస్త జరగండి" అని పెదనాన్న అనేసరికి, గిలకలదిండి రేవుకి వెళ్తున్న చేపలమ్మే ఆవిడ ఖాళీ తట్ట ఒళ్లో పెట్టుకుని, "కూకోండి బాబూ, అమ్మ నిలబడితే ఎట్టా?" అంటూ చోటిచ్చింది. మా అమ్మవారి మహిమకి దొరికిన సీట్లో పెదనాన్నే కూర్చున్నారు. నేను బందరుదాకా నిలబడ్డాను.

అద్దకాల వీధిలో ఎస్టీడీ బూతు, చికెన్ సెంటరు, ట్యూషన్ సెంటరు ఉన్నాయి; అద్దకం మాత్రం ఒకే ఒక్క రేకుల షెడ్డులో మిగిలింది. గుడ్డలు నానబెట్టే గేదెపాలు, కరక్కాయ కలిసిన వాసన గుమ్మంలోనే మొహాన కొట్టింది. లోపల పొడవాటి బల్లల మీద గుడ్డలు పరిచి పని చేస్తున్నారు. షెడ్డు మేస్త్రి ఎదురొచ్చాడు.

"రండి రండి. దుప్పట్లు చూపించమంటారా?"

"మేం కొనడానికి రాలేదయ్యా. మా వంశం ఈ వీధిలో వెలిగింది" అన్నారు పెదనాన్న.

"చాలా సంతోషమండీ. దిండు గలీబులు కూడా ఉన్నాయండి."

పెదనాన్న ఆ మాట విననట్టు, అమ్మవారిని బల్ల మీద పెట్టించి పట్టుగుడ్డ తీయించారు. కళ్లు మూసుకుని శ్లోకం ఎత్తుకున్నారు. నేను చేతులు జోడించి తలెత్తి ఎదుటి గోడ చూశాను. నేల నుంచి రేకులదాకా చెక్క అరలు. అరల నిండా చూపులమ్మలు! రెండేసి కళ్లు, ఒక్కో ముక్కు, వరసలు వరసలుగా అందరూ మావంకే చూస్తున్నారు. నేను పెదనాన్న మోచెయ్యి గిల్లాను. ఆయన కళ్లు తెరిచారు. శ్లోకం సగంలో ఆగిపోయింది.

బల్ల దగ్గరున్నావిడ, "అయ్యో, అచ్చుకి ఇంత పసుపు రాశారేంటండీ? చెక్క పాడైపోదూ?" అంది. మేం నోరు తెరిచేలోగా మేస్త్రి మా అమ్మవారి ముక్కు పట్టుకుని ఎత్తి, రెండో వైపున్న దుమ్ము దులిపి, నల్లరంగు పళ్లెంలో అద్ది, గుడ్డ మీద పెట్టి నెత్తిన ఫెడీమని పిడికిలితో గుద్దాడు. నాయనమ్మ వేలి కొసతో తాకే అమ్మకి ఆ గుద్దు! నా ప్రాణం పోయినంత పనైంది. అచ్చు తీసేసరికి గుడ్డ మీద ఓ కాలెత్తి, మెడ తిప్పి, ఎవరినో ఎగతాళి చేస్తున్నట్టు చూస్తున్న చిలక.

మేస్త్రి అచ్చుని తిప్పి ముక్కు చూపించాడు. "కన్నాలు గాలి పోవడానికండీ. ఇది పిడి. మీ పెద్దోళ్లు అద్దకం పనోళ్లన్నమాట! దీని జత చిలక మా దగ్గరుందండీ, ఇది లేక మూలపడింది. ఇచ్చెళ్లండి, మీ పేరు చెప్పుకుని వాడుకుంటాం."

పెదనాన్న మొహంలో దుబాసీ ఆ క్షణంలోనే కాలం చేశాడు. నన్ను పక్కకి లాగి, "ఇక్కడే వదిలేద్దాంరా. గుళ్లో ప్రతిష్ఠించామని మా అమ్మతో చెబుదాం" అన్నారు గుసగుసగా. హెడ్మాస్టరుగారికి అంతవరకూ ఎదురు చెప్పినవాణ్ణి కాదు. "నాయనమ్మ అన్నం ముట్టనంది పెదనాన్నా" అన్నాను. అమ్మవారిని పట్టుగుడ్డలో చుట్టి, పొట్టకి అదుముకుని, స్టేషనుకి దారితీశాను. రంగు తుడవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

దీపం వేళకి ఇల్లు చేరాం. నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. అమ్మవారిని అందుకోబోయి ఆగిపోయి, నా చొక్కా వంక చూసింది. పట్టుగుడ్డలోంచి ఊరిన రంగు తుప్పురంగుకి తిరిగి, సరిగ్గా బొడ్డుకి పైన చిలకయి కూర్చుంది. అది బెల్లంలో ఇనప ముక్కలు నానబెట్టి తీసిన రంగని, ఏ సబ్బుకీ లొంగదని తర్వాత తెలిసింది. అబద్ధం చెప్పడానికి పెదనాన్న గొంతు సవరించుకున్నారు గానీ, ఆ చిలకని ఎదురుగా పెట్టుకుని ఏం చెబుతారు? జరిగిందంతా నేనే చెప్పాను.

నాయనమ్మ పట్టుగుడ్డ విప్పి, మొదటిసారి అమ్మవారి రెండోవైపు చూసింది. చిలక ముక్కు మీద వేలుపెట్టి చాలాసేపు తడిమింది. "ఇన్నేళ్లూ వీపుకి దణ్ణం పెట్టానన్నమాట" అంది. "వీపుకి పెట్టినా వింది, పిచ్చి తల్లి. మనవాళ్లకి అన్నం పెట్టిన చెక్కేగా!" అని నవ్వేసింది. ఇక చిలకని మావైపు తిప్పుతుందనుకున్నాం. తిప్పలేదు. ఎప్పటిలాగే చిలకని గోడకి ఆనించి, పిడికి బొట్టు పెట్టింది. "ఈ ముక్కు చూడకపోతే నాకు దణ్ణం పెట్టినట్టుండదురా" అని, అన్నానికి లేచింది.

పెదనాన్న వంశచరిత్ర అచ్చయింది. అందులో మావాళ్లు 'వస్త్రకళా పోషకులు'. నాయనమ్మ వెళ్లిపోయాక చూపులమ్మ నా దగ్గరకొచ్చింది. నేనూ ముక్కుకే బొట్టు పెడుతున్నాను. ఆ చొక్కా బీరువాలోనే ఉంది. మొన్నీమధ్య ఎవరూ లేనప్పుడు తొడిగి చూశాను. అన్ని బొత్తాలూ పట్టాయి గానీ చిలక దగ్గరది మాత్రం పట్టనంటే పట్టనంది. అద్దంలో చిలక రెండు ముక్కలై, మెడ తిప్పి నన్నే చూస్తోంది. ఆ రోజు అది ఎగతాళి చేసింది నన్నేనేమో. నాయనమ్మ ఉంటే ఎంత నవ్వేదో అనిపించి, చొక్కా విప్పకుండా కాసేపు అలాగే నిలబడ్డాను.