సగం మాటకు సభ ఆగింది

మా మిస్ స్టానర్డ్‌కి ఒకటే జబ్బు: ఆవిడ ముందు ఎవరూ వాక్యాన్ని సగంలో వదలకూడదు. బళ్లో ఇంగ్లిషు వ్యాకరణం చెప్పడం ఎప్పుడో మానేసినా, అమెరికాలో వెర్మాంట్‌ రాష్ట్రంలోని మా ఊరంతా ఇప్పటికీ ఆవిడ క్లాసే.

ఓసారి పోస్టాఫీసు వరసలో మంగలి మెర్ల్, "మంచు ఇలాగే పడితే..." అని నిట్టూర్చి ఊరుకున్నాడు.

"పడితే?" అందావిడ.

"ఏముంది టీచర్, పడితే పడుతుంది."

"అది అద్దె వాక్యంరా నాయనా, దానికి సొంతిల్లు లేదు. ఏమవుతుందో చెప్పే ప్రధాన వాక్యం వచ్చేదాకా నేను కదలను."

వెనకాల వరస గుమ్మం దాటి రోడ్డెక్కింది. చివరికి మెర్ల్, "మంచు ఇలాగే పడితే కొట్టు మూసేసి పడుకుంటాను" అన్నాక గానీ స్టాంపులు కొననివ్వలేదు.

నా ఇనుప సామాన్ల కొట్లోనూ అంతే. "మొన్న మీరు అడిగిన పార..." అన్నాను.

"'మొన్న మీరు అడిగిన' అన్నది ఏ పారో చెబుతోంది, భేష్. ఇంతకీ పార ఏమైంది?"

"రాలేదు టీచర్."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!"

మా ఖర్మకి, ఏటా మార్చిలో జరిగే ఊరి సభకి కూడా ఆవిడే అధ్యక్షురాలు. పక్క ఊళ్లో భోజనాలవేళకి ముగిసే సభ మాకు పొద్దుగూకేదాకా సాగేది.

ఆ ఏడు రోడ్ల మేస్త్రీ పదవికి ఆరిన్ టటిల్ నిలబడ్డాడు. మంచు తోసే బండి నడిపే ఆరిన్ పనిలో పులి, కానీ నత్తి. నోరు తెరిస్తే చాలు, జాలికొద్దీ మిగతాది మేమే పూర్తిచేసేవాళ్లం, అదీ తప్పుగా. టీ అడగబోయిన మనిషికి ఏళ్ల తరబడి కాఫీ పోసిన ఊరు మాది. మాట పెగలనివాడు మేస్త్రీ ఎలా అవుతాడని చాలామంది గొణిగారు. ఆ పదవి మీద ఆరిన్ ఎంత ఆశ పెట్టుకున్నాడో అందరికీ తెలుసు.

సభలో లేచాడు. "మన వం... వంతెన క... కింద..."

"పడిపోయిందంటున్నాడు!" అరిచాడు మెర్ల్.

"కాదు, కొత్తది కట్టిస్తానంటున్నాడు!" తగుదునమ్మా అని నేనూ అందుకున్నాను.

చెక్క సుత్తి బల్ల మీద ఠప్పుమంది. "వాక్యం ఇంకా దారిలో ఉంది. నోళ్లు మూసుకుని కూర్చోండి! ఆరిన్, నీకు తీరికైనప్పుడే చెప్పు."

కూర్చున్నాం. మెర్ల్ మీసం నములుతున్నాడు. ఎవరో దగ్గబోయి మింగేశారు. ఆరిన్ ఒక్కో మాటా పోగేసుకుంటూ చెప్పాడు.

"వంతెన కింద మట్టి కోసుకుపోతోంది కాబట్టి, మంచు కరిగేలోపు రాళ్లు పోయించకపోతే, పిల్లల బస్సు దాని మీద పోకూడదు."

రోజూ ఆ వంతెన దాటేవాళ్లమే, ఒక్కరమూ కిందికి తొంగి చూడలేదు. ఆరిన్‌కి ఓటు వెయ్యమంటే చేతులన్నీ లేచాయి. మెర్ల్ రెండూ ఎత్తితే ఆవిడ ఒకటి దింపించింది.

మధ్యాహ్నం చర్చివాళ్లు పెట్టిన చిక్కుడుగింజల కూర తింటూ అడిగాను. "నిజం చెప్పండి టీచర్, ఈ జబ్బు వ్యాకరణం కోసమేనా?"

ఆవిడ గొంతు తగ్గించింది. "ఈ ఆరిన్ నా క్లాసుకొచ్చిన ఏడు పట్టుకుంది నాకీ జబ్బు. వీడొక్కడి కోసం ఆగితే సిగ్గుతో చచ్చిపోయేవాడురా. అందుకని మీ అందరికోసమూ ఆగాను. లేకపోతే నీ సగం మాటలకి అంత విలువుందనుకున్నావా?"

అన్నేళ్లు పిచ్చిదని నవ్వుకున్న ఆవిడ మీద ఆ క్షణాన నాకు ఎంత ప్రేమ పొంగిందో!

అంతలో ఆరిన్ మా బల్ల దగ్గరికొచ్చాడు. "టీ... టీచర్, మీరు... మీరు..."

ధన్యవాదాలు చెబుతున్నాడని మాకందరికీ తెలుసు. అయినా ఎవరమూ అందించలేదు. చెంచాలు కిందపెట్టేశాం. మెర్ల్ అయితే నోట్లో ముద్ద నమలడం కూడా ఆపేశాడు.

"...మీరు కూర్చున్నది నా టోపీ మీద," అన్నాడు ఆరిన్.